ఆరు హనుమంతులంత మేడ, ముప్పై ఆరు సెంట్ల పచ్చిక

విజయవాడలో హైదరాబాదు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు పరిటాల రాగానే మెడ వంచి పైకి చూస్తారు. 2003లో నిలబెట్టిన ఆంజనేయస్వామి విగ్రహం అక్కడ 135 అడుగుల ఎత్తున ఉంటుంది. దండం పెట్టేవాళ్లు పెడతారు, ఫోన్ తీసేవాళ్లు తీస్తారు. కంచికచర్ల, నందిగామ చుట్టుపక్కల పల్లెలకు ఎత్తంటే ఇరవై ఏళ్లుగా అదే కొలబద్ద. అదే బస్సులో సాయంత్రానికి గచ్చిబౌలి వైపు చేరేసరికి మాత్రం ఆ కొలబద్ద చాలదు. కోకాపేటలో 57 అంతస్తుల నివాస భవనం ఒకటి 235 మీటర్ల దాకా లేచింది. పరిటాల హనుమంతుణ్ణి ఒకరి తల మీద ఒకరిగా నిలబెడుతూ పోతే, ఆరో స్వామి తల ఆ మేడ పైకప్పు దాటి కాస్త బయటికి కనిపిస్తుంది.

హైదరాబాదుతో పరిటాలకు చుట్టరికం కొత్తదేం కాదు. చుట్టూ బ్రిటిషు వారి కృష్ణా జిల్లా ఉన్నా, ఈ ఊరూ పక్కనున్న కొన్ని పల్లెలూ 1948 దాకా నిజాం ఏలుబడిలోని ముక్కగా ఉండేవి. ఒకప్పుడు ఇక్కడి నేల వజ్రాలకు పేరు. ఇప్పుడు ఈ నేలనుంచి బయటికి వెళ్లేది కంకర. పరిటాల, దొనబండ కొండల్ని క్వారీలు తొలుస్తాయి, క్రషర్లు నలుపుతాయి, టిప్పర్లు మోసుకుపోతాయి. జగ్గయ్యపేట వైపు జయంతిపురం, ముక్త్యాల ఫ్యాక్టరీల నుంచి సిమెంటు. కృష్ణ నుంచీ మునేరు నుంచీ ఇసుక. పట్నంలో లేచే మేడకు కావలసిన సరుకులో చాలా భాగం ఈ మెట్ట ప్రాంతంలో దొరుకుతుంది. దొరకనివాటిలో ఒకటి అద్దం. అది శ్రీపెరుంబుదూరు నుంచో గుజరాత్ నుంచో లారీల్లో, చెక్క చట్రాల్లో నిలువుగా నిలబడి వస్తుంది.

దొనబండ దగ్గర రోడ్డు పక్కనున్న ఏ వేపచెట్టు ఆకునైనా తుంచి బొటనవేలితో ఒకసారి రుద్దితే బూడిదరంగు పొడి వేలికి అంటి, కింద ఆకుపచ్చ బయటపడుతుంది. మళ్లీ వాన కురిసేదాకా ఆ చెట్టు ఆ పొడి కింద నుంచే ఊపిరి పీల్చుకోవాలి. అద్దాల మేడ కథ నిజానికి ఇక్కడ, ఈ ఆకు దగ్గరే మొదలవుతుంది. ఎవరూ ఇక్కడినుంచి మొదలుపెట్టరు, అంతే.

తెలుగువాళ్లకు అద్దాల మేడల మోజు పట్టించింది మాదాపూర్. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండరాళ్లు, తుప్పలు. ఆ గుండ్రటి భవనం ఫోటో కొన్నాళ్లలోనే క్యాలెండర్ల మీదికీ, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. తర్వాత నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి, కోకాపేట. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ తెరిచిన భవనం తొమ్మిదిన్నర ఎకరాల్లో 15 వేల మంది పనిచేయడానికి కట్టింది. ఆఫీసుల అద్దం క్రమంగా ఇళ్లకు పాకింది. ఇప్పుడు నలభై, యాభై అంతస్తుల అపార్టుమెంట్లలో హాలు గోడ అంటేనే నేలనుంచి కప్పుదాకా గాజు. కెనడా టొరంటోలో ఉండే మనవాళ్లు 'కాండో' అని పిలిచేది ఇలాంటి ఇంటినే. ఆ చలిదేశపు ఇంటి మోస్తరు ఇల్లు దక్కను ఎండలోకి దిగుమతి అయింది.

ఊళ్లు కూడా ఊరుకోలేదు. జగ్గయ్యపేటలో, నందిగామలో హైవే వైపు ముఖం పెట్టి కట్టిన షాపింగ్ కాంప్లెక్సులకూ, నర్సింగ్ హోములకూ, ఫంక్షన్ హాళ్లకూ నీలం అద్దం, ఏసీపీ అనే అల్యూమినియం షీట్లు తప్పనిసరి అయ్యాయి. దాన్ని మేస్త్రీలు 'ఎలివేషన్' అంటారు. ముందు వైపు ఎలివేషన్ ఎంత జిగేల్‌మంటుందో, వెనక సందులోకి వెళ్లి చూస్తే ఏసీల డబ్బాలు అంత వరసగా వేలాడుతూ, వేడిగాలి పక్కింటి కిటికీలోకి ఊదుతూ ఉంటాయి.

ఎందుకంత ఏసీ కావాలో అర్థం కావడానికి శాస్త్రం పెద్దగా అక్కర్లేదు. మే నెలలో ఆరుబయట పెట్టిన కారు తలుపు తీసినవాళ్లందరికీ తెలుసు. ఎండ వెలుతురు రూపంలో అద్దంలోంచి సులువుగా లోపలికి దూరుతుంది. లోపలి నేల, సోఫా, గోడలు దాన్ని తాగి వేడెక్కి, ఆ వేడిని తిరిగి వదులుతాయి. ఈ తిరిగొచ్చే వేడిని గాజు అంత సులువుగా బయటికి పోనివ్వదు. శీతల దేశాల్లో ఇదొక వరం, అక్కడ మొక్కల్ని పెంచే గాజు ఇళ్లు ఈ కిటుకు మీదే నడుస్తాయి. వాతావరణ కేంద్రం వేసవి బులెటిన్లలో నందిగామ పేరు ఎన్నిసార్లు వినిపిస్తుందో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ పడమటి గోడను అద్దంతో కట్టడమంటే మధ్యాహ్నం మూడింటినుంచి పొద్దుగూకే దాకా పొయ్యి ముందు కూర్చోవడమే. వేడిని కొంత తిప్పికొట్టే పూత వేసిన రెండు పొరల గాజులు ఉన్నాయి, మంచి ఆఫీసు భవనాల్లో వాడుతున్నారు కూడా. ఖరీదు ఎక్కువ. ఇళ్ల దగ్గరికి, చిన్న ఊళ్ల కాంప్లెక్సుల దగ్గరికి వచ్చేసరికి మిగిలేది మామూలు రంగుటద్దమే.

పాత మండువా ఇంటిని కట్టిన మేస్త్రీకి ఈ లెక్క వేళ్ల మీద ఉండేది. ముందు వసారా, లోతుగా దిగిన చూరు, మధ్యలో ఆకాశానికి తెరిచిన లోగిలి. ఎండ గోడను తాకేలోపే చూరు అడ్డుపడేది. వేడిగాలి మండువాలోంచి పైకి పోయేది. పడమటి పక్క వేపో, కానుగో ఉండేది. అవన్నీ వెనక్కి తేవాలని కాదు, తేలేం కూడా. కేంద్రం 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత మాత్రం ఆ మేస్త్రీ మాటనే అంకెల్లో చెబుతోంది. విజయవాడ లాంటి ఉక్కపోత వాతావరణంలో గదుల విస్తీర్ణంలో కనీసం ఆరో వంతు తెరవగలిగే కిటికీలు, తలుపులు ఉండాలట. హైదరాబాదు వాతావరణానికి ఎనిమిదో వంతు. 'తెరవగలిగే' అన్న మాట దగ్గర ఆగాలి. ఇరవయ్యో అంతస్తులో బిగించిన గాజు గోడ ఎంత వెడల్పున్నా ఆ లెక్కలోకి రాదు. వాణిజ్య భవనాలకు 2017 నాటి ఇంధన పొదుపు నియమావళి మామూలు పద్ధతిలో గోడలో నలభై శాతానికి మించి కిటికీ ఉండకూడదంటుంది.

ఏసీ తిరగాలంటే కరెంటు కావాలి. పరిటాలనుంచి విజయవాడ వైపు పది నిమిషాలు పోతే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. రాయి మనదే, సిమెంటు మనదే, చల్లబరచడానికి కాల్చే బొగ్గు బూడిద కూడా మన కొండపల్లి చెట్ల మీదే.

పక్షులకు ఇంకో గొడవ. వాటికి గాజులో కనబడేది గాజు కాదు, అందులో ప్రతిఫలించే ఆకాశం. నేరుగా వెళ్లి ఢీకొంటాయి. అమెరికాలో ఇలా ఏటా ముప్పై ఆరు కోట్ల నుంచి వంద కోట్ల దాకా పక్షులు చనిపోతున్నాయని 2014లో పరిశోధకులు లెక్కగట్టారు. తర్వాత న్యూయార్క్ నగరం కొత్త భవనాలకు కింది 75 అడుగుల దాకా పక్షులకు కనబడే గాజే వాడాలని చట్టం చేసింది. గాజు మీద సన్నటి చుక్కలో గీతలో ఉంటే చాలు, అవి తప్పుకుంటాయి. పెద్ద ఖర్చేమీ కాదు. మన భవన నిబంధనల్లో ఇలాంటి మాటకు ఇంకా చోటు దొరకలేదు.

ఇక పచ్చదనం సంగతి. ఇక్కడ అంకెలు కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే బ్రోచర్ల మాయంతా అంకెల్లోనే ఉంది.

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ) వేసిన వేలంలో 3.6 ఎకరాల ప్లాటు ఒకటి ఎకరం 100 కోట్ల 75 లక్షల చొప్పున అమ్ముడుపోయింది. పేపర్లన్నీ పతాక శీర్షిక పెట్టాయి. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం రెండు లక్షల ఎనిమిది వేలు పలికినట్టు. నడివయసు వేపచెట్టు ఒకటి ముప్పై అడుగుల అడ్డకొలతతో గొడుగు పట్టిందనుకుందాం. దాని నీడ పడే నేల 78 గజాలు. కోకాపేట లెక్కన ఆ నీడ కింది నేల విలువ కోటీ అరవై లక్షల పైమాటే. అంత ఖరీదైన చోట చెట్టును నిలబడనిచ్చే వ్యాపారి ఎవరు? తప్పు వ్యాపారిది మాత్రమే అనలేం. ఆ ధరకు అమ్మింది ప్రభుత్వ సంస్థే. ఎకరం వంద కోట్లకు కొన్నవాడు ఆకాశంలోకి కట్టక ఏం చేస్తాడు?

ఆకాశంలోకి కట్టడానికి అడ్డూ లేదు. ముంబయి, బెంగళూరుల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి ఉంటుంది. హైదరాబాదులో 2006 నాటి జీవో 86 ఆ పరిమితిని ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాకు, అగ్నిమాపక, విమానయాన అనుమతులు ఉంటే చాలు. ఎంత ఎత్తయినా పోవచ్చు. తర్వాత 2012లో వచ్చిన జీవో 168, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2017లో తెచ్చుకున్న భవన నిబంధనలు ఒక మంచి మాట చెప్పాయి. పెద్ద భవన సముదాయాల్లో స్థలంలో కనీసం పదో వంతు పచ్చదనానికీ పిల్లల ఆటలకూ వదలాలి.

పదో వంతు. వినడానికి బాగానే ఉంది. 3.6 ఎకరాల్లో పదో వంతంటే మన లెక్కలో ముప్పై ఆరు సెంట్లు. పల్లెలో ఒక మోస్తరు దొడ్డి. అక్కడ వెయ్యి మంది కాపురం ఉంటే తలకు ఒకటిన్నర చదరపు మీటరు, అంటే నులకమంచం వేసుకునేంత చోటు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం పట్టణంలో మనిషికి పది, పన్నెండు చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలి. చిక్కెక్కడుందంటే, నిబంధన స్థలాన్ని కొలుస్తుంది, మనుషుల్ని లెక్కపెట్టదు. అదే 3.6 ఎకరాల మీద అయిదంతస్తులు కట్టినా ముప్పై ఆరు సెంట్లే, యాభై అంతస్తులు కట్టినా ముప్పై ఆరు సెంట్లే.

మరి బ్రోచర్లలో కనిపించే 'ఎనభై శాతం ఓపెన్ స్పేస్' ఎక్కడిది? సెట్‌బ్యాకులు అందులోవే. ఫైరింజన్ తిరగడానికి వదిలిన సిమెంటు దారి అందులోదే. పోడియం తోట కూడా అందులోదే. ఈ పోడియం తోటను ఒకసారి దగ్గరగా చూడాలి. కింద మూడు నాలుగు అంతస్తుల లోతున రాయి పేల్చి తీసిన సెల్లార్లు, వాటి నిండా కార్లు. పైన కాంక్రీటు పలక, పలక మీద నీళ్లు దిగకుండా పూత, దాని మీద మూరెడో రెండు మూరలో మట్టి, ఆ మట్టి మీద చాపలా చుట్టి తెచ్చి పరిచిన కార్పెట్ గ్రాస్. అంచుల్లో దేవగన్నేరు, కుండీల్లో తాటిజాతి మొక్కలు. సాయంత్రం దీపాలు వేస్తే ఎంతో అందంగా ఉంటుంది, కాదనడానికి లేదు. కానీ వేప వేరు దిగాల్సిన చోట ఎవరిదో కారు ఉంది. వాన నీరు భూమిలోకి ఇంకాల్సిన చోట పూత ఉంది. పడ్డ ప్రతి చుక్కా పైపులో పడి కాలవకు పోవాల్సిందే. మార్చి దాటగానే అదే గడ్డిని తడపడానికి ట్యాంకరు రావాల్సిందే.

ఉపగ్రహానికి ఈ తేడాలన్నీ పట్టవు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదికలో హైదరాబాదు పచ్చదనం పదేళ్లలో 33.15 చదరపు కిలోమీటర్ల నుంచి 81.81కి పెరిగిందని ఉంది. దేశంలోని మహానగరాల్లో అంత పెరుగుదల ఇంకెక్కడా లేదు. హరితహారం పథకం కింద నాటిన మొక్కలు, అవెన్యూ ప్లాంటేషన్, రక్షించిన అటవీ ఖండాలు అందుకు కారణం. గొప్పే. అయితే ఆ సర్వే హెక్టారుకు తగ్గని చోట పదో వంతు కొమ్మలు కప్పితే అడవి ఆచ్ఛాదనగా లెక్కిస్తుంది, ఏ జాతి చెట్టు, ఎవరి ఆవరణ అన్నది చూడదు. రోడ్ల మధ్య డివైడర్లలో తొందరగా పెరుగుతుందని నాటిన కోనోకార్పస్ కూడా పచ్చగానే కనబడింది. దాని పుప్పొడి మీద, వేళ్ల మీద ఫిర్యాదులు వచ్చాక 2022లో తెలంగాణ ప్రభుత్వమే దాన్ని నాటొద్దంది. అలాంటి చెట్టును పచ్చదనం ఖాతాలో రాసుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

గేటు కూడా ఒక తంటాయే. టవర్ లోపలి తోట టవర్ వాళ్లది. మెట్రో పనికి వచ్చిన కూలీ, అదే టవర్‌లో అంట్లు తోమి బయటికొచ్చిన మనిషి, స్విగ్గీ సంచితో ఎండలో నిలబడ్డ కుర్రాడు ఎక్కడ కూర్చోవాలి? పేటలో రావిచెట్టు రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారని ఎవరూ అడగరు. ఒక ప్రాంతం పచ్చగా ఉందో లేదో చూడాలంటే అక్కడ ఫ్లాటు లేనివాడికి నీడ దొరుకుతుందా అని చూడాలి. హైదరాబాదులో ఆ పరీక్షకు నిలిచేవి కొన్నే. నడవడానికి వచ్చేవాళ్లకు జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ దగ్గరి కేబీఆర్ పార్కు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్. ఆ కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం వేలాది చెట్లు తీయాలని 2016లో ప్రతిపాదన వస్తే, ఉదయం నడకకు వచ్చేవాళ్లే అట్టలు పట్టుకుని రోడ్డెక్కారు.

2025 వసంతంలో జరిగిందయితే దేశమంతా చూసింది. కంచ గచ్చిబౌలి. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని 400 ఎకరాల పొదల అడవి. ఆ పేరులోనే దాని చరిత్ర ఉంది. కంచ అంటే పశువులు మేసే తుప్పల నేల. పచ్చిక, రాళ్లు, కుంటలు, కాసిని చెట్లు కలిసిన చోటు. ఒకప్పుడు కంచలో ఊరి పశువులు మేసేవి. పట్నం వచ్చాక అది రికార్డుల్లో ఖాళీ స్థలం అయింది. ఐటీ అవసరాలకు దాన్ని వేలం వెయ్యాలని ప్రభుత్వ సంస్థ పూనుకుంది, ఆ భూమి తమదేనని వాదించింది. మార్చి చివర, వరస సెలవు రోజుల్లో పదులకొద్దీ పొక్లెయిన్లు దిగాయి. రాత్రిపూట లైట్ల వెలుగులో చెట్లు కూలుతుంటే నెమళ్ల అరుపులు విద్యార్థుల ఫోన్లలో రికార్డయ్యాయి. ఏప్రిల్ 3న జస్టిస్ గవాయ్, జస్టిస్ మసీహ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం పని ఆపమంది. అప్పటికే దాదాపు వందెకరాలు చదునైపోయింది. తుప్పల్ని అడవి అనొచ్చా అన్న వాదన టీవీల్లో రోజుల తరబడి సాగింది. అక్కడి నక్షత్ర తాబేలుకు ఆ వాదనతో పని లేదు, దానికి కావలసింది తుప్పే. పార్కులో గడ్డి మీద అది బతకదు.

చెట్టు ముందు ఉంటే మేడ దాని పక్కన లేస్తుంది. మేడ ముందు లేస్తే చెట్టుకు చోటు దొరకదు, దొరికినా కొనలేం. న్యూయార్క్‌వాళ్లు 1853లోనే చట్టం చేసి సెంట్రల్ పార్కుకు స్థలం సేకరించారు. ఇవాళ దాని విస్తీర్ణం 843 ఎకరాలు. అప్పటికి నగరం అంతదూరం రానేలేదు. ఆనాడు కొనకపోతే ఈనాడు ఏ ప్రభుత్వమూ కొనలేదు. అయితే ఆ కథలో ఇంకో పుట ఉంది. ఆ స్థలంలో దాదాపు పదహారు వందల మంది కాపురముండేవారు, అందులో సెనెకా విలేజ్ అనే నల్లజాతివాళ్ల ఊరు ఉండేది. వాళ్లను ఖాళీ చేయించారు. పార్కు అన్నమాత్రాన దాని పునాదిలో అన్యాయం ఉండదని కాదు.

ఈ మాట పరిటాల నుంచి చూస్తే ఊరికే అన్నట్టుండదు. కృష్ణ ఏటికి అవతల అమరావతి ఉంది. 29 ఊళ్ల రైతులు ల్యాండ్ పూలింగులో 33 వేల ఎకరాలకు పైగా ఇస్తే, 217 చదరపు కిలోమీటర్ల రాజధానికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వ భవనాల ప్రాంతానికి నక్షా గీసిన లండన్ సంస్థ ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్ ఢిల్లీ లుట్యెన్స్ ప్రాంతాన్నీ, ఆ న్యూయార్క్ సెంట్రల్ పార్కునీ ఆదర్శంగా చెప్పింది. అయిదున్నర కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పున్న ఆ భాగంలో కనీసం అరవై శాతం పచ్చదనం, నీళ్లు ఉండాలంది. నగర ప్రణాళిక సింగపూర్‌వాళ్లది. సింగపూర్‌లో 2009 నుంచి ఒక పట్టుదల ఉంది. భవనం కోసం నేల మీద ఎంత పచ్చదనం పోతే, అంత పచ్చదనం ఆ భవనంలోనే మేడల మీదో వసారాల్లోనో తిరిగి పెంచాలి.

రాజధానిలో జనం కొనుక్కునేందుకు సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) తలపెట్టిన తొలి మేడలు హ్యాపీ నెస్ట్. నేలపాడు దగ్గర 14.46 ఎకరాలు, పన్నెండు టవర్లు, ఒక్కోటి పద్దెనిమిది అంతస్తులు, మొత్తం 1,200 ఫ్లాట్లు. 2018 నవంబరు 9న మొదటి విడత మూడు వందల ఫ్లాట్లు ఆన్‌లైన్లో పెడితే ఆ రోజే అయిపోయాయి. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది, పనులు ఆగాయి. అయిదేళ్లపాటు అక్కడ తుమ్మ పెరిగింది. 2025 మే 2న ప్రధాని వచ్చి రాజధాని పనులు తిరిగి మొదలుపెట్టేముందు మొత్తం రాజధానిలో ఆ తుమ్మల్ని కొట్టించడమే ఒక పెద్ద కాంట్రాక్టయింది. ఖాళీగా వదిలితే భూమి తన పచ్చదనం తాను చూసుకుంటుందన్న సంగతి అక్కడ ఎవరి ప్రమేయం లేకుండానే రుజువైంది.

ఏటికి ఇవతల మాత్రం సింగపూర్ నక్షా లేదు. ఇబ్రహీంపట్నం నుంచి నందిగామ దాకా హైవేకు రెండుపక్కలా పత్తి, మిరప చేలల్లో తెల్లరాళ్లు లేచాయి. ప్రతిపాదిత అమరావతి ఔటర్ రింగ్ రోడ్డు కంచికచర్ల మండలం మీదుగా పోతుందన్న మాటే చాలు, వెంచర్ల బోర్డులు వాటంతటవే మొలుస్తాయి. అద్దాల టవర్లు ఇక్కడికి ఎప్పుడొస్తాయో గానీ, అవి వచ్చే నేల మాత్రం ఇప్పుడే ముక్కలవుతోంది. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి కర్ర ఇచ్చే అడవి, సీతాకోకచిలుకలకు పేరుపడ్డ మూలపాడు, ఈ రెండే విజయవాడకు ఈ పక్కన మిగిలిన సహజమైన పచ్చదనం. ఆ అడవి అంచుల్లో గ్రావెల్ తవ్వకాల మీద ఫిర్యాదులు కొన్నేళ్లుగా పేపర్లలో వస్తూనే ఉన్నాయి.

పచ్చదనం అంటే చెట్టొకటే కాదు, నీరు పరుచుకునే చోటు కూడా అదే. 2023 జులైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చింది. హైదరాబాదు బస్సులు గంటల తరబడి ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. అదే వానలకు జగ్గయ్యపేట అవతల గరికపాడు వంతెన దగ్గర రోడ్డే కొట్టుకుపోయింది. వాగుకు ఒక ఒడ్డుంటుంది, ఒడ్డు పక్కన ఏటా మునిగే ఒక పొలం ఉంటుంది. ఆ పొలం మీద వెంచర్ వేసి మెరక తోలితే వాగు ఆ నీళ్లను ఇంకెవరి ఇంటికో తీసుకెళ్తుంది. డొంకలూ, కుంటలూ, వాగు పోరంబోకూ మ్యాపులో ఉన్నంతకాలం నీటికి దారి ఉన్నట్టు. వాటిని చదును చేశాక సర్వేయరు కూడా చెప్పలేడు.

లేఅవుట్‌లోనూ నిబంధన పదో వంతే. ఆ పదో వంతును వెంచర్ వేసినవాళ్లు గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో మునిసిపాలిటీకో రిజిస్టర్ చెయ్యాలి. చెయ్యకుండా, అనుమతీ తీసుకోకుండా అమ్మేసిన ప్లాట్లను తర్వాత క్రమబద్ధం చేసుకోవాలంటే, వదలని పార్కుకు బదులు ప్లాటు విలువలో కొంత శాతం కట్టాలి. కెనడాలోని ఒంటారియోలోనూ పార్కు స్థలం ఇవ్వలేని బిల్డరు దానికి బదులు డబ్బు కట్టే పద్ధతి ఉంది. అక్కడైనా ఇక్కడైనా ఆ డబ్బుతో అదే వీధిలో మళ్లీ స్థలం కొనడం ఎలాగన్నది జవాబు లేని ప్రశ్నే. ఇక్కడ ఆ డబ్బు అమ్మి వెళ్లిపోయినవాడు కట్టడు. రిటైరయ్యాక వచ్చిన సొమ్ముతోనో, కూతురి పెళ్లికని దాచిందానితోనో నాలుగు సెంట్లు కొనుక్కున్నవాడు కడతాడు. పార్కు రాదు, చలానా వస్తుంది.

కోకాపేటలో వెయ్యి గజాలు చెట్టుకు వదలమని ఇప్పుడు అడిగితే, 2023 వేలం ధర లెక్కనే ఇరవై కోట్ల మాట. పరిటాలలో, కంచికచర్లలో, నందిగామలో అడగడానికి ఇంకా సమయం మించిపోలేదు. వచ్చే ఆదివారం వెంచర్ చూడటానికి కారు పంపిస్తామంటే వెళ్లండి, భోజనం పెడతారు, తినండి. కానీ మధ్యాహ్నం మూడు దాటాకే వెళ్లండి, పడమటెండ ఎటునుంచి పడుతుందో కనబడుతుంది. లేఅవుట్ కాగితం చేతికివ్వగానే పచ్చరంగు వేసిన ముక్క ఎక్కడుందో చూడండి. అది వాగు గట్టు మీద, హైటెన్షన్ తీగల కింద, మూల త్రిభుజంలో ఉందా, పిల్లలు నడిచి వెళ్లగలిగే చోట ఉందా? ఆ ముక్క పంచాయతీ పేరున రిజిస్టరైతే దానికి దస్తావేజు నంబరు ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ నంబరు రాయించుకుని, నందిగామలోనో కంచికచర్లలోనో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకసారి చూసుకోండి.